రెండు నవలల్లో ఇద్దరు ఇందిరలు: ఒకరే ఎందుకు గుర్తున్నారు?

ప్రశ్న: సీతమ్మధార పాఠకురాలు

అందరికీ నమస్కారం. ఉద్యోగంలో చేరాక పదేళ్లపాటు తెలుగు నవల ముట్టుకోని నేను, మొన్న సంక్రాంతి నుంచి పట్టుబట్టి మళ్లీ చదవడం మొదలుపెట్టాను. ఇప్పటికి ఏడు పుస్తకాలయ్యాయి. ఇంట్లో వీటి గురించి మాట్లాడేవారు లేరు. బయట మాట్లాడితే "అంత గొప్ప నవలను పట్టుకుని అలా అంటావేమిటి" అని నొచ్చుకుంటున్నారు. అందుకని నా అభిప్రాయాలను మొహమాటం లేకుండా ఇక్కడ రాసి, చివర ఒక సందేహం అడుగుతాను.

అన్నిటికంటే నచ్చినది డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు'. 1957లో 'తెలుగు స్వతంత్ర'లో ధారావాహికగా మొదలైన నవల ఇది. మేడ మీద గదిలో అద్దెకుండే వైద్య విద్యార్థి ప్రకాశం, కింద వాటాలో తండ్రిని పోషిస్తూ బతుకుతున్న ఇందిర, వారి మధ్యకు వచ్చే కల్యాణి, కృష్ణమూర్తి: ఇంతమందిలో నా మనసుకు పట్టినది ఇందిర ఒక్కతే. తనకేం కావాలో ఆమెకు తెలుసు, అది దాచుకోదు, దొరకనప్పుడు కూర్చుని ఏడవదు. ప్రకాశం మేనమామకు భయపడి జారుకున్నాక కూడా ఆమె తనమీద తాను జాలిపడదు. రచయిత్రి సానుభూతి కల్యాణి వైపే ఎక్కువగా ఉందని నాకనిపించింది. మంచితనం, మర్యాద, చివరికి మంచి భర్త కూడా ఆమెకే దక్కాయి. కానీ కల్యాణి ఉన్న పుటలను త్వరత్వరగా తిప్పేసి, ఇందిర మళ్లీ ఎప్పుడు వస్తుందా అని చూశాను. ముప్ఫయ్యో పడిలోనే కన్నుమూసిన రచయిత్రి ఇంకో నవల రాసి ఉంటే అందులో ఇందిరే మధ్యలో నిలబడేదేమో.

బుచ్చిబాబు నవల 'చివరకు మిగిలేది' దగ్గర నేను ఓడిపోయాను. గ్రంథాలయం నుంచి తెచ్చిన ప్రతిలో, నాకంటే ముందు చదివినవారెవరో పెన్సిలుతో గీతలు గీశారు. మొదటి యాభై పుటల్లో పుటకు మూడు నాలుగు వాక్యాల కింద గీతలున్నాయి. ఒకచోట అంచున "నిజం" అని రాసి, రెండుసార్లు కింద గీసి ఉంది. నూరో పుట దాటేసరికి గీతలు పలచబడ్డాయి. ఆ తర్వాత ఒక్కటి కూడా లేదు. నా చదువు కూడా అచ్చం అలాగే నడిచింది. బుచ్చిబాబు వాక్యం అందమైనదే, ఆలోచన లోతైనదే. కానీ కోమలి, అమృతం, సుశీల, నాగమణి, కాత్యాయని ఇలా ఒకరి తర్వాత ఒకరు వచ్చి, దయానిధి తన గురించి తాను ఆలోచించుకోవడానికి సందర్భం కల్పించి వెళ్లిపోతున్నట్టే తోచింది. ఈ నవలలోనూ ఒక ఇందిర ఉంది, దయానిధి భార్య. పుస్తకం మూశాక ఆమె ముఖం గుర్తు తెచ్చుకుందామంటే ఏమీ రాలేదు.

రావిశాస్త్రి నవల 'అల్పజీవి' గురించి ఎక్కువ చెప్పను. సుబ్బయ్య కూడా దయానిధిలాగే ఏమీ చేయలేనివాడు. కానీ కాంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు తీసుకున్నాక అతడు పడే భయం నా అరచేతుల్లో చెమట పట్టించింది. బావమరిది ఎదురుగా నిలబడినప్పుడు సుబ్బయ్య లోపల ముడుచుకుపోయే తీరు మా కార్యాలయంలో నేను రోజూ చూసేదే. రావిశాస్త్రి అతణ్ణి జాలిగా చూడలేదు, వెక్కిరించీ వదిలేయలేదు.

ఓల్గా 'విముక్త'లో 'సమాగమం' కథ చాలా బాగుంది. అడవిలో శూర్పణఖ పెంచుకున్న పూలతోట కళ్లకు కట్టింది. రాముడి చేతిలో నష్టపోయిన ఇద్దరు ఆడవాళ్లు ఒకరి నొకరు చూసుకోవడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. మిగతా కథల్లో మాత్రం ఆలోచన ముందు నడిచి మనుషులు వెనుక నడిచారు. అహల్య, రేణుక, ఊర్మిళ ముగ్గురూ ఒకే గొంతుతో సీతకు పాఠం చెబుతున్నట్టు ఉంది. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' రెండు రాత్రుల్లో అయిపోయాయి. నెల్లూరు మాట అక్కడక్కడా తెలియకపోయినా నవ్వు ఆగలేదు, ఒకటి రెండు చోట్ల నవ్వు మధ్యలోనే గొంతు పట్టుకుంది.

ఇక అసలు సందేహం చివరి రెండు పుస్తకాల గురించి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం', బండి నారాయణస్వామి 'శప్తభూమి'. రెండూ తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) నవలల పోటీలో బహుమతి పొందినవే. రెండోదానికి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం కూడా వచ్చింది. మొదటిదాన్లో నల్లమల, గొర్రెల మందలు, కరువు. రెండోదాన్లో 18వ శతాబ్దపు అనంతపురం, హండే పాలకులు, ఆనాటి ఆచారాలు, శిక్షలు, కులాలు. రచయితలిద్దరూ తమ నేలను ఎంత ఎరుగుదురో ప్రతి పుటలోనూ తెలుస్తుంది. చిక్కల్లా అక్కడే వచ్చింది. ఒక మనిషి కష్టం నా మనసుకు ఎక్కుతున్నంతలో ఒక చెట్టు పేరో, ఒక ఆచారమో, ఒక వివరణో అడ్డం వస్తుంది. చదివాక నాకు చాలా సంగతులు తెలిశాయి. కానీ సుబ్బయ్యతో పడినంత అవస్థ ఎవరితోనూ పడలేదు. ఇది నా చదువులోని లోపమా, లేక ఇటీవలి మన నవల మనిషిని వదిలి సమాచారం వైపు ఒరిగిందా? ఒక వృత్తినో ప్రాంతాన్నో చెబుతూనే మనిషిని చేయి జారనివ్వని నవలలు మీకు తెలిస్తే పేర్లు చెప్పండి.

జవాబు 1: తెనాలి మాస్టారు

అమ్మా, మీరు నిజాయితీగా రాశారు కనుక నేనూ అలాగే రాస్తాను. 'చివరకు మిగిలేది'ని నేను మూడుసార్లు చదివాను. ఇరవయ్యో ఏట చదివినప్పుడు నేనే దయానిధిననుకున్నాను. నలభయ్యో ఏట మీలాగే విసుక్కున్నాను, పిల్లల ఫీజుల గొడవలో ఉన్న నాకు ఇతడి ఏకాంతం విలాసంలా తోచింది. పదవీ విరమణ చేశాక మూడోసారి చదివినప్పుడు మాత్రం మొదటి రెండుసార్లూ నేను దాటేసినది కనిపించింది. అది అతని తల్లి సంగతి.

తల్లి నడత గురించి ఊరు అనుకునే మాట ఆ కుర్రవాడి కంటే ముందే ప్రతి ఇంటికీ చేరిపోతుంది. అతడు ఎవరి గుమ్మం ఎక్కినా వాళ్లు చూసేది అతణ్ణి కాదు, ఆ మచ్చను. అలా పెరిగినవాడు ఎదుటి మనిషిని నిండుగా చూడలేకపోవడంలో ఆశ్చర్యమేముంది? ఆడవాళ్లు అతనికి అద్దాలుగా మారిపోయారన్న మీ మాట నిజమే. అయితే అది రచయిత పొరపాటు కాదని, ఆ మనిషి జబ్బని, రచయిత దాన్ని ఎరిగే రాశాడని నా నమ్మకం. మీకు ఇందిర ముఖం గుర్తు రాలేదన్నారు. దయానిధికి మాత్రం గుర్తుంటుందా? భార్య బతికుండగా ఆమెను ఎన్నడూ సరిగా చూడనివాడు అతడు. ఆ అపరాధం మీ దాకా కూడా చేరిందంటే నవల పని చేసినట్టే కదా.

అమృతాన్ని మాత్రం ఆ జాబితాలో కలపవద్దు. ఆమెకు తన నవ్వుంది, తన నిర్ణయముంది, తాను చేసినదానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోని ధైర్యముంది. మీ 'కాలాతీత వ్యక్తులు' ఇందిరకు ఈవిడ పెద్దక్క అవుతుందని నేను అనుకుంటూ ఉంటాను.

మీరు నూరో పుట దగ్గర ఎలా చదివారో చెప్పారు కానీ రాయలసీమ భాగం ఎలా చదివారో చెప్పలేదు. అనంతపురం చేరాక, వజ్రకరూరులో వజ్రం దొరికాక, ఆస్పత్రి కట్టాక నవల నడక మారుతుంది. లోపలికే చూసుకునేవాడు మొదటిసారి పదిమందికి పనికివచ్చే పని తలకెత్తుకుంటాడు. వజ్రం దొరకడం కథకు మరీ అనుకూలంగా ఉందని నాకూ తెలుసు, దాన్ని నేను సమర్థించను. ఆ భాగాన్ని మాత్రం గీతలు గీసినవారిని చూడకుండా ఇంకోసారి చదవండి.

'అల్పజీవి' పక్కన గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' పెట్టుకుని కూడా చదవండి. సుబ్బయ్యను లోకం నలిపింది. సీతారామారావు తనను తానే తొలుచుకుని పోతాడు. ఆ రెంటినీ మా కళాశాలలో ఒకే వారంలో చెప్పవలసి వచ్చేది. పిల్లలకు సుబ్బయ్య మీద జాలి, సీతారామారావు మీద కోపం వచ్చేవి. ఏ ఏడూ అది తారుమారు కాలేదు.

జవాబు 2: పోరుమామిళ్ల వాసి, ప్రస్తుతం బెంగళూరు

'కొండపొలం' గురించి నేను మాట్లాడకపోతే మా తాత ఊరుకోడు. మాది గొర్రెల ఇల్లు. కరువు వచ్చి ఊళ్లో గుక్కెడు నీళ్లు, గుప్పెడు గడ్డి లేనప్పుడు మందలను తోలుకుని కొండలోకి పోవడం మా తాత యవ్వనంలో మామూలు సంగతి. మా నాన్న ఒకసారి వెళ్లాడు, నేను అసలే వెళ్లలేదు, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ నవలలో ఇంజనీరింగు చదివి ఉద్యోగం లేక తండ్రి వెంట అడవికి పోయిన కుర్రవాడిని మీరు దూరం నుంచి చూశారు, నేను చూడలేకపోయాను.

మీరు "వివరణ అడ్డం వస్తుంది" అన్నచోట మా వాళ్లు మాట్లాడే పద్ధతి ఉంది. మా తాత ఏ కథ మొదలుపెట్టినా ముందు చెట్టు చెప్పేవాడు, తర్వాత వాగు, ఆ తర్వాతే మనిషి. అడవిలో రాత్రి కాపలా గురించి ఆయన చెప్పిన ఒక సంగతి చెబుతాను. పడుకున్న గొర్రెలు నెమరు వేస్తూ ఉంటే సన్నగా ఒకటే చప్పుడు వస్తుందట. ఆ చప్పుడుకే కాపరికి నిద్ర పట్టేది. మందలో ఒక పక్క నెమరు ఆగిపోయిందంటే, ఆ పక్క ఏదో వచ్చి నిలబడిందని అర్థం. ఆ నిశ్శబ్దానికే ఆయనకు మెలకువ వచ్చేదట. ఇది మీకు సమాచారంగా వినిపిస్తుందా, భయంగా వినిపిస్తుందా? నాకు రెండూ విడివిడిగా వినిపించవు. ఆ కుర్రవాడు పులికి భయపడటం, ఆ భయం కొద్దికొద్దిగా ఎరుకగా మారడం ఈ వివరాలు లేకుండా ఎలా చెబుతారు?

ఒక మాట ఒప్పుకుంటాను. చెట్ల గురించి, పర్యావరణం గురించి పాత్రలు ఉపన్యాసంలా మాట్లాడే చోట్లు కొన్ని ఉన్నాయి. అక్కడ నాకూ తరగతి గదిలో కూర్చున్నట్టే అనిపించింది. గొర్రెల కాపరి అడవిని కాపాడాలని చెప్పడు, ఫలానా చోట పచ్చికొమ్మ కొట్టొద్దని అరుస్తాడు. 2021లో వచ్చిన సినిమా చూసి నవల ఇలాగే ఉంటుందనుకునేవారు మాత్రం ఆగాలి. అందులోని ప్రేమకథ నవలలో లేదు.

'శప్తభూమి' సంగతి వేరు. అందులో ఒక్క మనిషిని పట్టుకుని నడవాలని చూస్తే దారి తప్పుతాం. అక్కడ కథానాయకుడు నేల. పేరులోనే ఉంది కదా.

జవాబు 3: నెల్లూరి ట్రంకురోడ్డు

ఒక్క చిన్న మాట చెప్పి వెళతాను. 'దర్గామిట్ట కతలు' కళ్లతో చదవకండి, పైకి చదవండి. నెల్లూరు మాట తెలియకపోయినా, నోటితో పలికితే ఏ పదం ఎక్కడ సాగుతుందో, ఎక్కడ తెగుతుందో తెలిసి అర్థం దానంతట అదే వస్తుంది. మా అమ్మకు చదవడం రాదు. నేను పైకి చదివితే వింటూ, వాక్యం పూర్తికాకముందే మిగతాది తనే చెప్పేసేది.

జవాబు 4: సిరిసిల్ల చదువరి

అడిగినవారితో నేను ఏకీభవిస్తున్నాను. పోరుమామిళ్ల మిత్రుడి తాతగారి మాటతోనే ఏకీభవిస్తున్నాను. నెమరు ఆగిన చప్పుడు గురించి ఆయన చెప్పినప్పుడు అందులో మెలకువ వచ్చిన మనిషి ఉన్నాడు. అదే సంగతిని "గొర్రెలు ప్రమాదాన్ని పసిగట్టినప్పుడు నెమరు వేయడం మానేస్తాయి" అని రాస్తే అందులో ఎవరూ లేరు. నవలా రచయితకు తెలియవలసిన తేడా అదేనని నేననుకుంటాను. మన నవలల్లో ఒక్కో పుటలో మొదటి రకం, తర్వాతి పుటలో రెండో రకం కనిపిస్తున్నాయి.

మీరడిగిన పేర్లలో ముందు పెద్దింటి అశోక్‌కుమార్ 'జిగిరి' చదవండి. ఎలుగుబంటిని ఆడించి పొట్ట పోసుకునే ఇమామ్, అతడు బిడ్డలా పెంచుకున్న షాదుల్ అనే ఎలుగు, ఆ ఎలుగును వదిలించుకుంటేనే బతుకు బాగుపడుతుందని నమ్మిన కన్నకొడుకు చాంద్. వీరి మధ్యే నవలంతా నడుస్తుంది. ఎలుగును ఎలా సాకుతారో, ఎలా ఆడిస్తారో, ఊళ్లలో జనం ఎలా చేరతారో అన్నీ అందులో ఉన్నాయి. కానీ ప్రతి వివరమూ ఆ తండ్రికొడుకుల తగవులోకి వచ్చి పడుతుంది. కొడుకుది తప్పని తేల్చేయడానికి కూడా రచయిత మనకు వీలివ్వడు. ఆకలి అతనిది కూడా. మా ఊరి సంతలో చిన్నప్పుడు ఎలుగును ఆడించేవారిని చూసి పైసలు వేసినవాణ్ణి. ఆ తాడు పట్టుకున్న మనిషి రాత్రి ఎక్కడ పడుకుంటాడో ఈ పుస్తకం చదివేదాకా నేను ఆలోచించలేదు.

రెండోది డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. చిత్తూరు జిల్లాలో పుట్టి, మా నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన మనిషి ఆయన. ఇంటికి రాని చూలుపందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి పోతాడు; అంతే కథ. అడవి గురించి ఆయనకు తెలిసినదంతా ఆ ముసలివాడి కాళ్లకు, చెవులకు తగిలినదే తప్ప వేరుగా ఒక్క వాక్యం ఉండదు. చిన్న నవల, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు.

పాతవాటిలో వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'ని కూడా చదవమని చెప్పాలని ఉంది. కానీ మొహమాటం వద్దన్నారు కనుక చెబుతున్నాను: నిజాం కాలపు వెట్టిని, దొరతనాన్ని తెలుసుకోవడానికి అది ఎంతో విలువైనది, అందులోని నాయకుడు కంఠీరవం మాత్రం మరీ మచ్చలేనివాడు. మా ఇంట్లో ఆ పుస్తకాన్ని భక్తితో చూస్తారు; ఈ మాట మా నాన్న ముందు అనను. మీకు ఇందిర నచ్చిన కారణానికే కంఠీరవం నచ్చడేమోనని నా భయం.

జవాబు 5: సీతమ్మధార పాఠకురాలు

అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, మీరు చెప్పినట్టు గీతలు లేని భాగం నుంచి మళ్లీ మొదలుపెట్టి, ఆగకుండా చివరిదాకా చదివాను. వజ్రం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. తల్లి గురించి మీరు రాసిన మాట మాత్రం తల తిప్పుకోనివ్వలేదు. మొదటి చదువులో ఆమెను నేను దయానిధి కష్టాల జాబితాలో ఒక వరుసగా లెక్కపెట్టుకున్నాను. ఇందిర సంగతిలో మీ వాదాన్ని సగమే ఒప్పుకుంటాను. భర్త చూడలేదు సరే. రచయిత చూసి ఉంటే, భర్త కన్ను తప్పించి మాకు ఒక్కసారైనా చూపించేవాడు. ప్రకాశం కూడా తన ఇందిరను సరిగా చూడలేదు, అయినా శ్రీదేవి మనకు చూపించింది కదా. అమృతం విషయంలో మాత్రం తొందరపడ్డానని ఒప్పుకుంటున్నాను.

పోరుమామిళ్ల వారి తాతగారి సంగతి చదివాక 'కొండపొలం'లో రాత్రి కాపలా ఉన్న చోట్లను వెతికి మళ్లీ చదివాను. అవి నేను అనుకున్నదానికంటే బాగున్నాయి. నేను ఆ పుస్తకాన్ని బస్సులో, ఆఫీసుకు పోతూ వస్తూ చదివాను; అది కూడా కారణమై ఉండవచ్చు. ఉపన్యాసాల గురించి మీరూ నాతో కలిశారు కనుక అక్కడ పేచీ లేదు. 'శప్తభూమి' గురించి మాత్రం నా మాట మార్చుకోవడం లేదు. నేలే కథానాయకుడు అనే సమర్థన ఈ మధ్య ప్రతి ప్రాంతీయ నవలకూ వినిపిస్తోంది. అంత పెద్ద నేల మీద నడిచే ఒక్కరి వెంటైనా చివరిదాకా వెళ్లాలనే కదా నవల పట్టుకున్నాను. అందులో శిక్షలు వర్ణించిన పుటలు చదివి ఒక రాత్రి నిద్రపోలేదు, అది దాచను. అయితే ఆ శిక్ష పడిన మనిషి పేరు మర్నాడు పొద్దున నాకు గుర్తు లేదు.

సిరిసిల్ల వారు చెప్పిన రెండింటిలో కేశవరెడ్డి నవల మా వీధిలోనే ఒకరింట దొరికింది, ఈ ఆదివారానికి పెట్టుకున్నాను. 'జిగిరి' మా గ్రంథాలయంలో లేదు, నేను అడిగిన రెండు దుకాణాల్లోనూ లేదన్నారు. ప్రతి ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలిస్తే ఇక్కడే ఒక మాట రాయండి.